మూడు నెలలకోసారి

మా ఊరు హెట్రిక్స్ రన్.
రన్ అంటే ఇక్కడ పరుగు కాదు, వాగు.
అదీ పరిగెత్తదు.
మూతబడ్డ గనుల కడుపులోంచి కారి
రాళ్ళకి పారాణి పెట్టుకుంటూ పోతుంది.
చేప బతకదు. బడిలో పిల్లలు
వాగు బొమ్మకి నారింజ రంగు వేస్తే
టీచరు దిద్దదు.

పట్నం అనలేరు, పల్లె అనబుద్ధి కాదు,
పెన్సిల్వేనియా కాగితాల్లో దీన్ని బరో అంటారు.
ఉత్తరాన కొండ.
దక్షిణాన కూడా కొండే, కాకపోతే మనుషులు పోసింది.
నూరేళ్ళ బొగ్గు తుక్కు.
దాని మీద ఎవరూ నాటని బిర్చి చెట్లు
స్నానం చేసి షిఫ్టుకి బయల్దేరినవాళ్ళలా
తెల్లగా, వరసగా.

నడుమ నాలుగు వీధులు, నూట అరవై రెండు నీటి మీటర్లు.
మూడు నెలలకోసారి
ఒక్కోదాని ముందూ గొంతుక్కూచుంటాను నేను.
మోకాళ్ళకి నా మీద కోపం.

మనుషులు అబద్ధమాడతారు, ముల్లు ఆడదు.
మందు మానేశానన్న వాల్టర్ షెంక్
నిజంగానే మానేశాడు: తెల్లవార్లూ టీ నీళ్ళే.
ఈస్టరు ముందు ఉపవాసాల్లో
లిథువేనియన్ల చర్చి మీటరు గిర్రున తిరుగుతుంది,
నేలమాళిగలో పదకొండుమంది ముసలమ్మలు
బంగాళదుంప కూరిన కుడుములు ఉడికిస్తుంటారు,
డజను తొమ్మిది డాలర్లు, ఉల్లిపాయ వేపుడు వేరే.
హేజిల్‌టన్ వైపు నుంచి వచ్చిన పేనియాగువా వాళ్ళింట్లో
అంకె చూసి కౌన్సిల్లో ఒకాయన అడిగాడు,
"ఎక్కడో లీకవుతున్నట్టుందే?"
"లీకు కాదు సార్, పిల్లలు," అన్నాను.

డెల్బర్ట్ క్లింగమన్ వంటిల్లు బరోలో ఉంది,
పడగ్గది పక్క టౌన్‌షిప్‌లో.
మా మంచు లారీ సరిగ్గా అతని గుమ్మం సగానికి వచ్చి
పార పైకెత్తి వెనక్కి తిరుగుతుంది.
రెండు చోట్లా ఓటు లేదు, రెండు చోట్లా ఫిర్యాదు ఉంది.

పన్నెండింటికి ఫైర్ హాలు సైరన్, నాలుగు నిమిషాలు ఆలస్యంగా.
ఫోన్లొచ్చాక గాని ఆ సంగతి తెలియలేదు.
తెలిసినా ఎవరూ సరిచెయ్యలేదు.
కుక్కలకి అలవాటైపోయింది.

జింకల వేట మొదలైన రోజు బడి లేదు, బ్యాంకు లేదు.
ఆ రోజు ఊళ్ళో మగ గొంతంటే పాస్టరుదే.
పోయినేడు అదీ వినపడలేదు.

వచ్చే ఏడాది రేడియో మీటర్లట.
లారీ దిగక్కర్లేదట, చదువుకుంటూ పోవచ్చట.
మోకాళ్ళు సంతోషిస్తాయి. మిగతా నా సంగతి తెలియదు.

జనవరిలో ఎమ్లిన్ ప్రాసర్ ఇంటికి వెళ్ళాను.
ఏప్రిల్లోనే పోయాడాయన. తాళం. వారసులు ఆరిజోనా.
ముల్లు కదలకూడదు.
మూడు వందల గ్యాలన్లు కదిలింది.

పైపు పగిలిందేమోనని వంటింటి కిటికీకి ముఖం ఆనించాను.
కొళాయి సన్నగా, దారంలా, ఆగకుండా.
గడ్డకట్టకుండా ఎవరో వదిలి వెళ్ళినట్టు.

"నేనే," అంది వెనకనుంచి స్టెల్లా యుర్కోనిస్,
ఎనభై నాలుగేళ్ళు, చేతిలో ఉప్పు బకెట్టు.
తొంభై ఆరు మంచుతుఫాన్లో
తను తవ్వుకున్న చోట కారు పెట్టాడని,
అడ్డం పెట్టిన కుర్చీ తీసి మరీ పెట్టాడని,
అప్పణ్ణించి ఆయనతో మాట లేదు.
ఆయన శవపేటిక దగ్గర కూడా
పెదవి విప్పలేదని ఊరంతా చెప్పుకుంది.

తాళంచెవి ఎక్కడిదని నేనడగలేదు.
"ఆ పైపులు నాసిరకం," అంది,
అడగని దానికి జవాబులా.

అంకె ఎవరి పేర రాయాలో తోచక
పెన్సిలుతో రాసుకున్నాను.

లారీ ఎక్కుతూ చూశాను.
ప్రాసర్ ఇంటి ముందు, ఒక్క కారుకి సరిపడా,
అంచులు కోసినట్టు మంచు తవ్వి ఉంది.
మధ్యలో వంటింటి కుర్చీ ఒకటి,
ఎర్ర రెగ్జిను, ఒక కాలికి తీగ చుట్టింది.
అది ఆయనది కాదు.