బెత్తెడు ఎత్తు

రేకు పలకమీద మూడువేల రెండొందల కిలోలని ఉంది.
పలకని నేను నమ్మను.
చక్ ఇంకా ముక్కుకే ఉంది, తొట్టిలో పాత నూనె కదులుతోంది,
ఎవరో ఎప్పుడో కాళ్లకింద ఇనుప దిమ్మెలు బిగించారు.
నా లెక్కలో నాలుగు టన్నులు.
"అంత ఉండదులే గార్బిన్యే" అన్నాడు ఆన్సెల్మో,
బిడ్డ అల్లరి తగ్గించి చెప్పే తండ్రిలా.

ఎల్గోయ్‌బార్‌లో వాన కురవదు, రాలుతుంది,
జల్లెడలోంచి పిండిలా.
దేబా ఒడ్డున షెడ్డు. పైరేకులు సగం ఊడదీశాం
క్రేన్ మెడ లోపలికి వంగడానికి.
ఆ మెడ దగ్గరగా ఉంటే పదిహేను టన్నులు మోస్తుంది,
సాచినకొద్దీ నీరసిస్తుంది, చివరికొచ్చేసరికి అయిదు.
అలాంటి మనుషులు నాకు తెలుసు.

ఈ నేలకింద పాత కాలువ ఉందట.
పొద్దున కాఫీ తాగుతూ, వాతావరణం సంగతి చెప్పినట్టు చెప్పాడు.
బండి మళ్లీ వెనక్కి తీయించాను.
కాళ్లకింద ఓక్ దుంగలు. రెండు గంటలు పోయాయి.
పోనీ.

లేత్‌ది తలబిరుసు కాదు, తలబరువు.
మోటారూ గేర్లూ అన్నీ ఒక్క కొసకే.
అందుకే క్యారేజీని తోకదాకా జరిపించి బిగించాను,
తోకనీ ఇంకా వెనక్కి.
పట్టీలకీ లీడ్ స్క్రూకీ నడుమ చెక్కలు;
నునుపైన ఆ కడ్డీ వంగితే ఇక మిగిలేది తుక్కు.
పట్టీలు మరీ వెడల్పుగా చాపలేదు.
చేతులు చాచి బిందె ఎత్తి చూడు, తెలుస్తుంది.

పైన గదిలో జిగోర్‌కి ఏమీ వినపడదు.
ఇవాళ నా చేతులే అతని చెవులు.
వేలు చిన్నగా తిప్పాను.
గొలుసు బిగిసింది, ఒకసారి మూలిగింది.
బెత్తెడు ఎత్తు. చాలు. ఆగు.

ఈ బెత్తెడులోనే అన్నీ బయటపడతాయి.
తల వాలింది.
దించమన్నాను. పట్టీని తలవైపు నాలుగు వేళ్లు జరిపాను.
మళ్లీ బెత్తెడు. ఈసారి తోక వాలింది, కొంచెం.
రెండు వేళ్లు వెనక్కి.
మూడోసారి, చెరువులో పడవలా, నిలిచింది.

లేచాక కింద నేల కనపడింది:
నలభైయొక్క ఏళ్లుగా వెలుగు చూడని సిమెంటు,
లేత్ ఆకారంలో పాలిపోయి,
చుట్టూ నల్లటి నూనె అంచు.
మధ్యలో చిన్నగా ఏదో మెరిసింది.

ఆన్సెల్మో వంగాడు.
వంగి, ఒక అడుగు లోపలికి వేశాడు.

రెండు చేతులూ పైకెత్తాను, అరచేతులు ముందుకి.
చూసేవాళ్లకి లొంగిపోయినట్టుంటుంది.
నిజానికి అంతకు మించిన ఆజ్ఞ మా పనిలో లేదు.
"గెల్దీ!" అని అరిచాను కూడా, మా భాషలో, అమ్మ గొంతుతో.
జిగోర్ ఆగాడు. గొలుసు ఆగింది.
కుర్రాడు పట్టుకున్న నడుపుతాడు ఆగింది.
వాన ఒక్కటే ఆగలేదు.

ముసలాయన ఆ నాలుగు టన్నుల నీడలో
ఒక కాలు లోపల, ఒక కాలు బయట.
"అది నా మైక్రోమీటర్" అన్నాడు.
"ఎవరిదైనా సరే. బయటికి రండి."
వచ్చాడు. మెల్లగా, వెనక్కి నడిచి.

నేను తిట్టలేదు.
బరువు పక్కకి జరిగి, లారీమీద సర్దుకుని,
స్ప్రింగులు నిట్టూర్చి కిందికి దిగాక,
గొలుసు వదులైందని చేత్తో తాకి చూశాక,
అప్పుడు, "ఇక తెచ్చుకోండి" అన్నాను.

చొక్కా అంచుతో తుడిచాడు. తిప్పితే ఇంకా తిరుగుతోంది.
"ఎనభైయేడులో ఇది పోయింది" అన్నాడు.
"కోల్డో అని ఒక కుర్రాడుండేవాడు."
తరవాత మాట రాలేదు. నేనూ అడగలేదు,
ఎందుకంటే ఆ కోల్డో నాకు తెలుసు:
ఎయ్‌బార్ బస్సు నడుపుతాడు,
ఎక్కేవాళ్లు టిక్కెట్టు కొన్నా కొనకపోయినా
చేతులవైపు మాత్రం ఒకసారి చూస్తాడు.

"రెండూ పదికి వంతెన దగ్గర ఆగుతుంది బస్సు" అన్నాను,
లారీ మోకు బిగిస్తూ.
ఆన్సెల్మో గడియారం చూశాడు.
ఆ చిన్న ఇనప వస్తువుని
ఒక చేతిలోంచి ఇంకో చేతిలోకి మార్చుకున్నాడు,
ఎటువైపు మొగ్గుతుందో చూస్తున్నట్టు.

ఇంకా మిల్లింగ్ మెషీన్ మిగిలి ఉంది.
దాని పలకమీద రెండు టన్నులని ఉంది.