చెవి దగ్గర చెయ్యి

సోంపేట ఆసుపత్రిలో మావి ఆరు మిషన్లు.
ఉద్దానం రక్తం వాటి గుండా తిరిగి
కొంచెం తేటపడి ఇంటికెళ్తుంది,
వారానికి మూడుసార్లు.
అంతా ఇళ్లలోనే ఉండండని టీవీ చెప్పింది.
రక్తానికి టీవీ లేదు.

బస్సులు ఆగిపోయిన రెండో రోజు
బారువ నుంచి చేపల వ్యాను వచ్చింది.
ఐసు పెట్టెల మధ్య నలుగురు,
చీర కొంగులూ తువ్వాళ్లూ ముక్కుల మీద.
డ్రైవరు తలుపు తీసి అన్నాడు:
"ఈల్లూ అంతే గదా మేడం, ఆలీసమైతే..."
నవ్వాలో వద్దో తెలియక నవ్వాం.

పాజిటివ్ వాళ్లకి వేరే గది, వేరే మిషన్
ఉండాలని సర్క్యులరు.
గది ఎక్కడుంది?
ప్లంబరు కూర్మారావు
సెలైన్ పెట్టెల స్టోరు గోడని వేలితో కొట్టుకుంటూ పోయి
"ఇక్కడ పల్చన" అన్నాడు.
సాయంత్రానికి గోడకి చిల్లు,
చిల్లులోంచి ఆర్వో నీళ్ల పైపు,
పైపు చుట్టూ అతని పాత లుంగీ ముక్క.
ఆరో మిషన్ అట్టపెట్టెల పక్కన నిలబడింది
అరువిచ్చిన నులకమంచంలా, కొంచెం ఏటవాలుగా.

నాలుగు గంటల డయాలసిస్ మూడున్నరైంది.
మూడు షిఫ్టులు నాలుగయ్యాయి.
హైమావతి ఇంటికెళ్లడం మానేసింది.
ఎక్స్‌రే గదిలో పడుకుని
కొడుకు చేత ఫోన్లో ఎక్కాలు అప్పజెప్పించుకునేది.
పదమూడో ఎక్కం దగ్గర
ఇద్దరికీ నిద్ర వచ్చేది.

ఆ తెల్ల సూట్లలో అందరం ఒకటే.
స్కెచ్ పెన్నుతో పేర్లు రాసుకున్నాం.
తవిటమ్మకి అక్షరాలు రావు.
"ఎవులే నువ్వు? మాటాడితే గానీ తెల్దేటి?"
మర్నాటి నుంచి బొమ్మలు:
హైమావతి గొడుగు,
టెక్నీషియన్ లోకనాథం పీత,
నేను జీడిపండు, పిక్క కిందికి వేలాడుతూ.
"జీడమ్మా" అని పిలిచిందామె.
నలభై ఏళ్లు పిక్కలు ఒలిచిన వేళ్లు,
జీడికి కొసలు నల్లబడి,
ముద్ర పడదని రేషన్ డిపో తిప్పి పంపిన వేళ్లు.
ఆక్సిమీటరూ వాటిని నమ్మలేదు.
చెవి తమ్మెకి తగిలించాం.

అసలు సంగతి ఇది.
ఫిస్టులా ఉన్న చేతిని ముట్టుకుంటే
లోపల చిన్న జలజల.
దాన్ని వేళ్లతో వినాలి. అది ఉంటేనే సూది.
పన్నెండేళ్లుగా వింటున్న నా వేళ్లు
రెండు జతల గ్లౌజుల్లో చెవిటివయ్యాయి.
స్టెతస్కోపు పెడదామంటే
హుడ్డు కింద చెవులకి దారి లేదు.
కళ్లద్దాల మీద ఆవిరి.
తడుముతున్నాను,
మళ్లీ తడుముతున్నాను,
వెనక నలుగురు ఎదురుచూస్తున్నారు.

అప్పుడు తవిటమ్మ
తన చెయ్యి తనే లాక్కుని
మడిచి చెవికి ఆనించుకుంది,
ట్రాన్సిస్టరు పెట్టుకున్నట్టు.
కళ్లు మూసుకుంది.
"ఆడతంది.
తేటగా ఆడతంది. గుచ్చీయ్ జీడమ్మా."

ఆ రాత్రి నుంచి అదే పద్ధతి.
ఏ సర్క్యులరులోనూ లేదు.
కుర్చీకొక మనిషి
ముంజేయి చెవికి పెట్టుకుని కూర్చుంటే
అందరికీ ఒకేసారి ఫోన్లు వచ్చినట్టుండేది,
అవతలివాళ్లే మాట్లాడుతున్నట్టు,
వీళ్లు ఊఁ కొడుతున్నట్టు.

ఒక గురువారం
కవిటి నుంచి వచ్చే దుర్యోధన
చెయ్యి చెవి దగ్గరే ఉంచుకుని
చాలాసేపు ఏమీ అనలేదు.
"ఇనబడ్నేదు" అన్నాడు చివరికి,
టవరు అందని ఊరి నుంచి మాట్లాడినట్టు.
మెడలో గొట్టం వేయించడానికి శ్రీకాకుళం పంపాం.
రిజిస్టరులో ఆ వరుస నేను కొట్టెయ్యలేదు.
లోకనాథం కొట్టేశాడు, స్కేలు పెట్టి.

ఇప్పుడు స్టోరు మళ్లీ స్టోరు.
చిల్లుకి సిమెంటు పెడతానని
కూర్మారావు అంటూనే ఉన్నాడు.
లుంగీ ముక్కలో బల్లి గుడ్లు పెట్టింది.
గ్లౌజులు ఒక్క జతే,
నా వేళ్లకి మళ్లీ చెవులొచ్చాయి.
అయినా సూది పట్టుకుని ఆగుతాను.
"ఏటలా సూస్తావు, నీకు తెలస్తంది గదా?"
నీకేం వినిపిస్తోందో చెప్పు, అంటాను.
తవిటమ్మ చెయ్యి చెవికి చేర్చుకుని
"ఇంజను బోటు" అంటుంది.
"దూరాన.
వొస్తందో, ఎల్తందో తెల్దు."