దుబాసి

ఫుజైరా కోర్టు ఏసీ చలికి
లింబాద్రి చేతులు చంకల్లో దాచుకున్నాడు.
నలభై కిలోల రాగి తీగ. రెండు రాత్రులు. ఒక పికప్పు.
కాగితం మీద అంతే ఉంది.

వకీలు అరబ్బీలో అన్నాడు:
ఒప్పుకుంటే ఏడాది ఆర్నెల్లకు దిగొచ్చు,
వాదిస్తే ఎటు పోతుందో చెప్పలేను.
తెలుగు చేశాను.
నాది రాయచోటి తెలుగు, అతనిది మెట్‌పల్లి.
దారిలో కొంత కారిపోయే ఉంటుంది.

"అక్కా, తీగె మోసింది నేనే.
సూపర్‌వైజరు ఎక్కియ్యమంటె ఎక్కిచ్చిన.
మోసిందానికి ఒప్పుకుంట.
దొంగిలిచ్చిందానికి ఎట్ల ఒప్పుకోవాలె?"

అరబ్బీలో రెంటికీ వేరే మాటలున్నాయి.
ఫారంలో గడి ఒకటే.

తప్పు ఒప్పుకో అంటాం మనం,
ఒప్పుకోగానే తప్పు కాస్తా ఒప్పయిపోతుందన్నట్టు.
ఇది జడ్జికి చెప్పే మాట కాదు.

అతను వేళ్లు ముడిచాడు.
"ఆర్నెల్లంటె ఆరు కిస్తులు.
ఏడాదంటె పన్నెండు. చిట్టి ముందే ఎత్తిన."

జడ్జి అడిగాడు.
లింబాద్రి నావైపు చూసి
"ఆఁ" అన్నాడు.

ఒప్పుకున్నాననా,
విన్నాననా,
మళ్లీ చెప్పమనా?
గోడ గడియారం కింద
గుమాస్తా వేళ్లు మీటల మీద ఆగి ఉన్నాయి.

"నఅమ్" అన్నాను.

ఆర్నెల్లు. ఆపైన విమానం.
అతను నాకు దండం పెట్టాడు, అదే నాకు నచ్చలేదు.

చివరి పేజీలో నాకూ ఒక గీత ఉంది.
ఉన్నది ఉన్నట్టే చెప్పానని
ఒప్పుకుంటూ
సంతకం చేశాను.