తెల్లదుప్పటి

లాగ్ ఫైల్ అబద్ధమాడదు.
మంగళవారం, తెల్లవారుజాము మూడూ పదిహేడు.
వచ్చావు. గుమ్మంలో ఉన్న చీటీ చదివావు.
వచ్చిన దారినే వెళ్ళిపోయావు.
పోయిన మంగళవారమూ అంతే.
అంతకుముందు పద్నాలుగు నెలలూ అంతే.

మర్యాదస్తుడివి, వెతుకులాట యంత్రమా.
రావద్దంటే రాని అతిథిని
ఈ దీవుల్లో నేనింకా చూడలేదు.

నేను జుల్మీరాని. పగలు ఫాయల్ రేవులో
పీకోకి వెళ్ళే పడవ టికెట్లు చింపుతాను.
రాత్రిళ్ళు ఎర్మీనియో ముసలాయన సైటు చూస్తాను.
కూలి, వారానికో జున్నుముద్ద.

ఆయన పనేమిటో నీకు చెప్పాలి,
నీ పనీ అదే కనక.
పంతొమ్మిదేళ్ళు కొండకొమ్మున రాతిగదిలో కూర్చుని
గోడలోని సన్నటి సందులోంచి సముద్రాన్ని చూశాడు.
ఎక్కడో నీటిమీద ఒక ఊపిరి లేస్తే
ఏ తిమింగలమో, ఎటు పోతోందో,
వెంట పిల్ల ఉందో లేదో చెప్పేవాడు.
కనపడగానే తారాజువ్వ.
మంగలి సగం గీసిన గడ్డం వదిలేసి
రేవుకి పరిగెత్తేవాడట,
ఆ సగం గడ్డం కూడా వెనకాలే.
పడవలకి దిక్కు తెలియాలని
ఆయన భార్య దెల్ఫీనా
కొండవాలు మీద తెల్లదుప్పట్లు పరిచేది.
ఒకటంటే పడమర.
రెండంటే ఇంకా లోతుకి.

వేట ఆగిపోయింది. "మంచిదైంది" అంటాడు,
కాసేపాగి, "వాటికి" అని కలుపుతాడు.
దెల్ఫీనా లేదు. నోటుబుక్కులున్నాయి.
ఏ రోజు, ఎన్ని ఊపిర్లు, గాలి ఎటు.
కూర్చుని టైపు చేశాం ఇద్దరం.
ఆరువందల పన్నెండు పేజీలు.
అవి ఉన్నాయని తెలిసినవాళ్ళం కూడా ఇద్దరమే.

వెతికే పెట్టెలో తన పేరు తనే కొట్టుకుని
రోజూ అడిగేవాడు: "కనపడ్డానా?"
ప్రపంచాన్నంతా కనిపెట్టిన కళ్ళు
కాయలు కాచిపోయాయి తెర ముందు.

తప్పెక్కడో మొన్న దొరికింది.
సైటు కడుతున్న రోజుల్లో, సగం గోడలు ఎవరూ చూడకూడదని
గుమ్మంలో చీటీ పెట్టాను. అందులో
ఒక్క ఏటవాలు గీత.
నీ భాషలో దానర్థం: ఇల్లంతా నిషిద్ధం.
గీసింది నేనే.
తియ్యడం మరిచిపోయింది నేనే.

తీసేశాను.
ఆరువందల పన్నెండింటికీ "కొత్త పేజీ" అనే ఒకే పేరుంటే
ఎవరిని ఎవరని పిలుస్తావు? విడివిడిగా పేర్లు పెట్టాను.
చిరునామాలన్నీ ఒక్క ఫైల్లో రాసి
నీకు కనపడేచోట పరిచాను.
దుప్పటి లాగే.

ఇక లింకులు. ఏ పేజీకీ దారి లేకుండా ఉండకూడదు కదా.
తేదీల వరసలో కలుపుదామంటే ముసలాయన ఒప్పుకోలేదు.
"తోక చిరిగినదాన్ని కలుపు" అన్నాడు.
ఏడేళ్ళలో తొమ్మిదిసార్లు కనపడిందట అది.
తొమ్మిది పేజీలూ ఒకదానికొకటి ముడివేస్తుంటే
తొమ్మిదింట్లోనూ చివరి వాక్యం ఒకటే:
జువ్వ తడిసింది, వెలగలేదు.
ఆగస్టు ఎండలో కూడా.
నేనేం అడగలేదు.

మంగళవారం మూడూ పదిహేడుకి వచ్చావు.
నలభై పేజీలు చదివి పోయావు.
గురువారం మళ్ళీ.
పదమూడు రోజులకి ఎవరో, ఏ దేశమో,
వెతుక్కుంటూ వచ్చి ఒక పేజీ మీద
ఆరు నిమిషాలు నిలబడ్డారు.
"ఏది?" అన్నాడు ఆత్రంగా. చదివాను:

*పొగమంచు. ఏమీ కనపడలేదు.
మధ్యాహ్నం దెల్ఫీనా చేపల పులుసు తెచ్చింది.
ఉప్పెక్కువ.*

"అదా!" అన్నాడు.
"అందులో ఏముందని?"
మళ్ళీ చదవమన్నాడు.

గీత సంగతి ఇంకా చెప్పలేదు.
ఈ వారం జున్ను రెండు ముద్దలు పంపాడు.