ఒక్క కడ్డీ

తలుపు తీసేసరికి నా ఊపిరి నాకే కనిపించింది,
వీధిలో కాదు, ఆవిడ ముందుగదిలో.
బర్న్‌లీలో జనవరి. బాయిలర్ చూడ్డానికి వెళ్ళాను.
"బూట్లు విప్పకు నాయనా, కాళ్ళు జివ్వుమంటాయి" అంది
థెల్మా ఎంట్విసిల్. ఎనభై మూడేళ్ళు.
మగ్గాల మోతకి చెవులిచ్చేసిన మనిషి,
నా పెదాలు చూసి మాట వింటుంది.

మూడు కడ్డీల హీటర్ ముందు మోకాలు పట్టుకుని వంగి
ఒక్క కడ్డీ వెలిగించింది.
"చుట్టం వచ్చాడు కదా" అని
ఆ మిగతా రెండింటికీ సంజాయిషీ చెప్పింది.

బాయిలర్‌కి ఏ రోగమూ లేదు.
పోయినేడు మార్చి నుంచి దాన్నెవరూ వెలిగించలేదు, అంతే.
థర్మోస్టాట్ మీద అంకెలు చీమ తలకాయలంత.
పాతది గుండ్రంగా ఉండేదట,
తిప్పితే వేలికి టక్కున తగిలేదట.
ఇదేమో ముట్టుకుంటే ఇంకేదో అడుగుతుంది.

గోడ తట్టాను. ఒంటిరాయి.
దూది కూరుదామన్నా లోపల సందు లేదు.
మిల్లువాళ్ళు కట్టిన రోజుల్లో బొగ్గు చవక,
మనుషులూ చవకే.
పై గదిలో విల్ఫ్ పావురాలు గెలిచిన కప్పులు.
ఆ తలుపు కింద పాత కోటు కుక్కి
ఆ గదిని లెక్కలోంచి తీసేసింది.

మెట్ల కింద మీటరు. ముందు డబ్బు, తర్వాతే వెచ్చదనం.
దాని తాళంచెవిలో డబ్బు నింపే కొట్టు కొండ కింద ఉంది.
దిగడం సరే,
మంచు పట్టిన రాళ్ళ మీద మళ్ళీ ఎక్కాల్సింది ఏ తుంటి ఎముక?

"చలెయ్యట్లేదా?" అన్నాను, పెదాలు నిదానంగా కదిపి.
"లేదే" అంది. అబద్ధం కాదది.
గదిలో పదకొండు డిగ్రీలు. ఆవిడ గోళ్ళు నేరేడు రంగు.
ఒకప్పుడు ఈ వీధిలో తెల్లారగట్ట
కిటికీలు తట్టి మిల్లు జనాన్ని లేపేవాడొకడు ఉండేవాడట.
ఒంట్లోనూ ఉంటాడు అలాంటివాడు,
చలొచ్చింది లెమ్మని తట్టేవాడు.
ఈవిడ ఒంట్లో వాడెప్పుడో పని మానేశాడు.

సాయం కాగితం తీశాను.
"ఇబ్బందిలో ఉన్నారా" అన్న చోట పెన్ను ఆగింది.
బిస్కెట్ల డబ్బా తెచ్చి రసీదులు చూపించింది,
ఏళ్ళ తరబడివి, పతకాలు చూపించినట్టు.
ఒక్క పెన్నీ బాకీ లేదు.
"ఎదురింట్లో చంటిబిడ్డ ఉంది, వాళ్ళకియ్యి"
అని కాగితం మడిచి, నా టీ కప్పు కింద పెట్టింది,
బల్ల మీద మరక పడకుండా.

వాన్‌లో కూర్చుని చేతులు వెచ్చబెట్టుకుంటూ రిపోర్టు నింపాను.
బాయిలర్ పనిచేస్తుందా?
పనిచేస్తుంది.
ఇంటి గురించి గడి లేదు. మనిషి గురించీ లేదు.

తలెత్తేసరికి తెర వెనక ఆ నారింజ రంగు లేదు.
నేనింకా వీధి దాటనేలేదు.

గురువారం మళ్ళీ వెళ్తాను.
బాయిలర్‌లో ఏదో చప్పుడొచ్చిందని చెబుతాను.
ఆవిడకెలాగూ వినపడదు.