రెండడుగులు నడిచి చూడండి

పదకొండేళ్లు మోకాళ్ల మీదే గడిచాయి నాకు.
హల్ రేవుకు పోయే వీధిలో బూట్ల దుకాణం,
తలుపు తెరిచినప్పుడల్లా
ఉప్పుగాలి ముందు, బేరం వెనక.

ఊళ్లో సగం మంది మొహాలు గుర్తుండవు గాని
మడమలు గుర్తుంటాయి.
ఏడో నంబరని గట్టిగా చెప్పే ఆడవాళ్లందరూ ఏడున్నర.
చిరిగిన మేజోడు బయటపడుతుందని
ఎడమకాలు దాచి కుడికాలే చాపే కుర్రాళ్లు.
నేనేమీ అనను.
లోపలికెళ్లి ఏడున్నర తెచ్చి
"ఈ కంపెనీవాళ్లు కాస్త బిగువుగా కుడతారండీ" అంటాను.
ఆ అబద్ధానికి కమీషన్ లేదు.

ఒక జనవరిలో మేనేజర్ గారెత్
అద్దానికి ఎర్ర కాగితం అంటించాడు:
అంతా అమ్మేస్తున్నాం.
"నీకేం, నోరుంది, బతికేస్తావ్" అన్నాడు
తన నోరు తడుముకుంటూ.

ఆ రాత్రి వంటగదిలో దరఖాస్తు.
ఉద్యోగాలిప్పించే కంపెనీలో ఉద్యోగం.
'ఈ రంగంలో అనుభవం' అన్న గడి
ఖాళీ అట్టపెట్టెలా నోరు తెరుచుకుని కూచుంది.
కొత్త బూటు ముక్కులో కాగితపు ఉండలు కుక్కినట్టు
కుక్కాను: జట్టు నాయకత్వం, లక్ష్యసాధన,
వినియోగదారులతో సంబంధాలు.
చదివితే ఎవరో పొరుగూరి మనిషి.
అన్నీ కొట్టేసి రాశాను:
"మనిషి చెప్పే కొలతకీ అసలు కొలతకీ
తేడా కనిపెట్టగలను,
కనిపెట్టినట్టు కనపడకుండా."

ఇంటర్వ్యూలో ఒయెలరన్ గారు
కళ్లజోడు పైనుంచి చూసి
"ఇదెవరు రాసిచ్చారు?" అన్నారు.
నేనే అన్నాను.
బల్ల కింద ఆవిడ పాదాలు
బూట్లలోంచి సగం బయటికొచ్చి ఊపిరి పీలుస్తున్నాయి.
చూశాను. చూడనట్టు ఊరుకున్నాను.
నేను ఊరుకోవడం ఆవిడ చూశారు.
సోమవారం రమ్మన్నారు.

సోమవారం నుంచి కుర్చీ.
చేతులెక్కడ పెట్టుకోవాలో తెలీదు.
మనుషులు ఎదురుగా, నా కళ్ల ఎత్తులో;
పాదాలు బల్ల చాటున.
నాకు తెలిసిన సగం మనిషి కనపడకుండా పోయాడు.
పక్క సీటు కుర్రాడు "పైప్‌లైన్ ఎలా ఉంది?" అంటే
సముద్రంలో గ్యాసు గొట్టాల పనేమో అనుకున్నాను,
రెండు రోజులు.

నా మొదటి మనిషి నార్మన్ హోల్ట్‌బీ.
యాభై నాలుగేళ్లు. కారవాన్ల ఫ్యాక్టరీ మూతపడితే వచ్చాడు.
గళ్లన్నీ సరిపోయాయి.
చేపల కోల్డ్ స్టోరేజీకి పంపాను.
ఆఫీసులో గంట కొట్టారు. నా పేరు రాసి కేకు కోశారు.
మూడో రోజు ఫోన్.
గొంతులో కోపం లేదు, అదే బాధ.
"చలికి వేళ్లు పట్టు తప్పుతున్నాయమ్మా.
పాత జబ్బే.
నువ్వడిగుంటే చెప్పేవాణ్ణి."

దుకాణంలో అయితే
శనివారం సాయంత్రం, క్యూ వీధిలోకి పాకినా సరే,
తివాచీ మీద రెండడుగులు వేయించకుండా
ఒక్కర్నీ బిల్లు దాకా పంపలేదు నేను.
అక్కడ రసీదుంటే ఇరవై ఎనిమిది రోజుల్లో వాపసు.
ఇక్కడ వాపసొచ్చేది మనిషి.

ఇప్పుడు అడుగుతాను.
గళ్లన్నీ నిండాక, పెన్ను మూసేశాక:
పొద్దున ఐదింటికి మీ వీధిలో బస్సుందా?
నిలబడితే ఎంతసేపటికి నొప్పి మొదలవుతుంది?
పాత పనిలో ఎక్కడ కరిచేది?
చాలామంది ముందు కుడికాలే చాపుతారు.
కూచుంటాను.
గడియారం ఒయెలరన్ గారిది, ఓపిక నాది.

నార్మన్‌కి ఇంకా పని దొరకలేదు.
గురువారం గురువారం నేనే ఫోన్ చేస్తాను.
ఒక్కోసారి ఎత్తుతాడు.

ఈ నల్ల ఆఫీసు బూట్లు
దుకాణం ఆఖరిరోజున నాకు నేనే అమ్ముకున్నాను,
సగం ధరకి.
తొందరలో నడిచి చూసుకోలేదు.
ఎడమది ఇంకా కరుస్తోంది.