ఏడో ప్రశ్న

మ్యూజియం ఇంకా తెరవలేదు.
వెబ్‌సైట్ నమూనా నా ఒళ్ళో ఉంది,
కొత్తవాడలో, రంగునీళ్ళు ఆరని అరుగు మీద.

ఎదురుగా బూర రాజనర్సు. డెబ్బై రెండేళ్ళు.
కళ్ళద్దాలకు ఒకవైపు కాడ బదులు దారం.

టికెట్ ధర ఎక్కడుందో చూపించమన్నాను.
"మమ్ముల గూడ టికెటడుగుతరా?" అన్నాడు.
రాసుకున్నాను: ధర కనిపించలేదు.
సెలవు ఏ రోజో చెప్పమన్నాను.
"మగ్గానికా?"
అదీ రాసుకున్నాను,
ఏ గడిలో పట్టదో తెలిసి, మార్జిన్లో.

ఏడో ప్రశ్న: మీకు నచ్చిందేదైనా వెతకండి.

నీలి మరక దిగని చూపుడువేలు
తెర మీద చాలాసేపు ఆగింది,
తెగిన పోగు కొస తడుముతున్నట్టు.
వత్తు దొరకలేదు. నేను చెప్పలేదు.
సాయం చెయ్యకూడదని మాకు నియమం.

బూర లచ్చయ్య.

ఫలితాలు లేవు.

"మా నాయిన," అన్నాడు.
"మీ మొదటి బొమ్మల ఎర్రంచు జంపఖానా ఆయన నేసిందే.
గా మూలకు సూడు, ఒక్క పోగు తప్పింది.
నేను పుట్టిన యాల్ల."

బొమ్మ కింద చూశాను:
పత్తి. ఆరడుగులు. వరంగల్.

పట్టిన సమయం నాలుగు నిమిషాలు.
పని పూర్తయిందా, కాలేదా?
ఆ గడి ఖాళీగానే పట్టుకొచ్చాను
హన్మకొండ బస్సులో, నిలబడి.